మెమో ఇచ్చిన చేత్తోనే శాలువా

శాలువాలంటే నాకు చిరాకు. పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం తెచ్చిపెట్టింది. మిర్యాలగూడ దగ్గర ఒక రైసుమిల్లు కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు సిబ్బంది వ్యవహారాలు చూశాను. ఆ ఏళ్ళన్నిటిలో నేను కొన్నవి, కప్పించినవి, చివరికి రిటైరైన రోజు నా భుజాల మీద పడ్డది, ఏ ఒక్క శాలువా చలికి పనికిరాలేదు. ఎండాకాలం మాత్రం ఎందుకు కప్పుతారో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు నాలాంటి కుర్చీల్లో కూర్చుంటున్న పిల్లలు ఆ పనిని హెచ్చార్ అంటున్నారు. పేరు మారింది గానీ ఫైళ్ళు, సంజాయిషీలు, సంతకాలు అవే. మీకు ఉపయోగపడుతుందేమోనని ఒక సంగతి చెబుతాను. ఇందులో నేను మంచివాణ్ణి కాను. ముందే చెప్పేస్తే తర్వాత నిరాశ ఉండదు.

మా కంపెనీకి మిర్యాలగూడలో పెద్ద మిల్లు, కోదాడలో చిన్న మిల్లు, సూర్యాపేటలో ఒక ఆఫీసు ఉండేవి. నేను పెద్ద మిల్లులో కూర్చునేవాణ్ణి. సీజన్లో మా గేటు ముందు వడ్ల లారీలు బారులు తీరేవి. లోపలికొచ్చే లారీ, బయటికెళ్ళే లారీ కాటా మీద తూగి, చీటీ చూపించి కదలాలి. అందుకని గేటు మనిషి ఎట్టి పరిస్థితిలోనూ గేటు వదలకూడదని రూలు. ఆ రూలు రాసింది నేనే. 'ఎట్టి పరిస్థితిలోనూ' అన్న మాట కింద గీత గీసింది కూడా నేనే.

మెయిన్ గేటు దగ్గర ఒక మాజీ సైనికుడు పనిచేసేవాడు. దామరచర్ల వైపు ఒక తండా అతనిది. నలభై అయిదు దాటి ఉంటాయి. ఇంటి మనుషులతో ఫోన్లో లంబాడీ మాట్లాడేవాడు, లారీ డ్రైవర్లతో హిందీ, మాతో తెలుగు. మిగతా కాపలావాళ్ళు కుర్చీ ఎక్కడ దొరుకుతుందా అని చూసేవాళ్ళు. ఇతను ఎనిమిది గంటలూ నిలబడేవాడు. అందరూ 'మిలట్రీ' అని పిలిచేవాళ్ళు. నేనూ అంతే. "ఏయ్ మిలట్రీ, ఆ లారీని జర పక్కకు పెట్టియ్యి" అనడమే తప్ప, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా 'ఆర్మీలో నువ్వు ఏం చేసేవాడివి' అని అడగలేదు. తుపాకీ పట్టుకుని ఉంటాడులే అనుకున్నాను. మిలట్రీ అంటే మనకు తెలిసింది అదేగా. అతని దరఖాస్తు రెండు పేజీలు. ఉద్యోగంలోకి తీసుకున్న రోజు మొదటి పేజీ చదివి, పైన 'వాచ్‌మన్' అని రాసి ఫైల్లో పెట్టించాను. రెండో పేజీ తిప్పలేదు.

ఒక మే నెల మధ్యాహ్నం. మిల్లు లోపల ప్లాట్‌ఫారం మీద వడ్లు ఊడ్చే ఆడవాళ్ళలో ఒకామె కూలిపోయింది. గరిడేపల్లి దగ్గర ఊరు ఆమెది. నేను వెళ్ళేసరికి గుంపు మూగి ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు, ఏదేదో మాట్లాడుతోంది, తర్వాత ఆ మాటలు కూడా ఆగిపోయాయి. ఎవరో ఆమె తల ఎత్తి నోట్లో నీళ్ళు పోయబోతున్నారు.

"పొయ్యకుర్రి! నోట్ల పొయ్యకుర్రి, ఊపిరితిత్తులల్లకు పోతయి!"

ఆ అరుపు గేటు మనిషిది. గుంపును చీల్చుకుని వచ్చాడు. ఆమెను నీడలోకి ఎత్తించాడు. ఖాళీ గోనెసంచులు తడిపి ఒంటి మీద పరిపించాడు, ఆడవాళ్ళను చుట్టూ నిలబెట్టి అట్టలతో విసరమన్నాడు, పైపు తెప్పించి నీళ్ళు కొట్టించాడు. చంకల కింద, మెడ దగ్గర తడి గుడ్డలు పెట్టించాడు. ఈలోగా కంపెనీ జీపు కనిపిస్తే అడ్డం వెళ్ళి ఆపాడు. జీపులో కూడా గుడ్డలు తడుపుతూనే ఉండమని ఇద్దరికి చెప్పి దవాఖానకు పంపాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో ఒక లారీ చీటీ చూపించకుండా గేటు దాటిపోయింది.

మా చిన్న యజమాని అప్పటికి రెండేళ్ళుగా మిల్లు నడుపుతున్నాడు. ముప్పై అయిదేళ్ళ కుర్రాడు. చెడ్డవాడు కాదు గానీ ఒళ్ళంతా తొందర. నన్ను పిలిచి ఎగిరాడు.

"చీటీ లేకుంట లారీ ఎట్ల పోతది అంకుల్? ఏదన్న చెయ్యిండ్రి!"

ఆ లారీ ఎటూ పోలేదు. పోవలసిన కోదాడ మిల్లుకే పోయింది, సాయంత్రానికి అక్కడ సరుకు దింపింది. డ్రైవరుకు గేటు దగ్గర మనిషి కనపడలేదు, వెళ్ళిపోయాడు. నష్టం సున్నా. అయినా 'ఏదన్న చెయ్యిండ్రి' అన్న మాట ఒకటి నా చెవిలో పడింది కదా. ఆఫీసుల్లో మీకు ఇది బాగా అలవాటవుతుంది పిల్లలూ: పైవాడు చిరాకుపడతాడు, కిందివాడు దాన్ని కాగితంగా మారుస్తాడు. మర్నాడు మెమో తయారుచేశాను. 'విధి నిర్వహణా స్థలాన్ని వదిలి వెళ్ళడం తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యం' అని రాశాను. రాసినప్పుడు ఆ వాక్యం నాకు ముచ్చటేసింది కూడా.

అతను మెమో పట్టుకుని వచ్చాడు.

"సార్, క్రమశిక్షణ లేదని రాసిండ్రు."

"గేటు ఇడిసిపెట్టి పోయినవా, లేదా?"

"పోయిన సార్."

"మరి?"

"మనిషి పడిపోయింది సార్."

"పడిపోతే చూడనీకి సూపర్వైజర్లు లేరా? అందరు ఒక్కసారే ఉరుకుతె గేటు ఎవరు చూడాలె? సంతకం పెట్టు."

అతను సంతకం పెట్టాడు. పక్కన తేదీ వేశాడు, టైము కూడా వేశాడు. వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలుగానే నిలబడ్డాడు. ఆ విషయం నా బుర్రలోంచి చెరిగిపోయింది. ఆమె నాలుగు రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడిందని, నెల తర్వాత మళ్ళీ పనికి వస్తోందని మాత్రం విన్నాను.

ఆగస్టు మొదటి వారంలో చిన్న యజమాని హైదరాబాదులో ఏదో మీటింగుకు వెళ్ళివచ్చాడు. వస్తూనే పిలిచాడు.

"అంకుల్, పెద్ద పెద్ద కంపెనీలల్ల ఎక్స్ సర్వీస్‌మెన్‌కు సన్మానం చేస్తున్నరు. మనం కూడ పంద్రాగస్టుకు చేద్దాం. మన దగ్గర ఎంతమంది ఉన్నరు?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ సర్వీసు, సిబ్బంది అంతా నా చేతి మీదుగా వచ్చినవాళ్ళే, అయినా తెలియదు. "చూసి చెప్త" అని వచ్చి ఆరా తీస్తే ముగ్గురు తేలారు. ఒకరు మా గేటు మనిషి, రెండోవాడు కోదాడ మిల్లు డ్రైవరు, మూడోవాడు సూర్యాపేట ఆఫీసు కాపలాదారు. మూడోవాడికి ఫోన్ చేసి, ఆర్మీలో ఎన్నేళ్ళు చేశావని అడిగాను.

"ఆర్మీనా? నేనెప్పుడు పోయిన సార్?"

"మరి రోజూ మిలట్రీ ప్యాంటు వేసుకుంటవు కదా?"

"గా ప్యాంటా సార్? అంగట్ల కొన్న. గట్టిగుంటదని."

ఈ సంగతి చెబితే చిన్న యజమాని నిరాశపడ్డాడు. "ఇద్దరేనా? ఫొటోల బాగుండదు అంకుల్. గాయన్ను కూడ నిలబెట్టరాదు? ప్యాంటు ఎట్లాగూ ఉన్నది." కుదరదన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

తర్వాత ఫ్లెక్సీ. సూర్యాపేటలో ఒక షాపుకు ఆర్డరిచ్చాం. నమూనా కంప్యూటర్లోకి రాగానే మా ఆఫీసులో ఆపరేటరుగా చేసే అమ్మాయి, కోదాడ పిల్ల, నన్ను పిలిచింది.

"సార్, ఇట్రండి. ఈ సోల్జర్లు మనోళ్ళు కాదండీ."

"ఎట్ల చెప్తున్నవ్?"

"చేతి మీద జెండా చూడండి సార్. అమెరికా వాళ్ళదండీ."

చూస్తే నిజమే. ఆరుగురు తెల్లవాళ్ళు, నల్లకళ్ళజోళ్ళు, వెనక ఎడారి. షాపువాడికి ఫోన్ చేశాను.

"సోల్జర్స్ అని కొడితె గదే వచ్చింది సార్. ఏం పరేషాన్ కాకుండ్రి. జెండా మీద మీ ఓనర్ ఫొటో పెట్టి కప్పేస్త."

మార్చమని అరిచాను. ఏం మార్చాడో! ఆఖరికి వచ్చిన ఫ్లెక్సీలో మనుషులు మనవాళ్ళే, వెనక ఎడారి మాత్రం అలాగే ఉంది. చిన్న యజమాని ఫొటో అందరికన్నా పెద్దది.

ఇక మిగిలింది పరిచయ వాక్యాలు. వేదిక మీద చదవడానికి ఇద్దరి గురించి నాలుగేసి మాటలు కావాలి. ఫైళ్ళు తీయమన్నాను. ఆ అమ్మాయి గేటు మనిషి ఫైలు తెరిచి, రెండో పేజీ తిప్పి, ఆగిపోయింది.

"సార్, ఈయన ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంటండీ. పదిహేడేళ్ళు. మిలట్రీ ఆసుపత్రుల్లో, మంచు కొండల మీద క్యాంపుల్లో చేశాడంట. హవల్దారుగా రిటైరయ్యాడు."

ఆమె ఇంకో కాగితం తిప్పింది.

"సార్, మరి ఈ మెమో ఏంటండీ? మేలో ఆవిడ పడిపోయిన రోజుదేగా?"

"అది పక్కన పెట్టమ్మా. పరిచయం రాయి."

పక్కన పెట్టమ్మా! అప్పటికి ఫంక్షన్‌కు మూడు రోజుల టైముంది. ఆ మూడు రోజుల్లో గేటు దగ్గరికి నడిచి వెళ్ళి ఒక్క మాట మాట్లాడితే సరిపోయేది. నా గదికీ గేటుకూ మధ్య వంద అడుగులు. రోజూ రెండుసార్లు అటే పోయేవాణ్ణి. అతను చేయి ఎత్తి నమస్కారం పెట్టేవాడు, నేను తల ఊపి ముందుకు పోయేవాణ్ణి. సన్మానం చేస్తున్నాం కదా, దాంతో లెక్క సరిపోతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేశాక మిల్లు ఆవరణలో కుర్చీలు వేశారు. హమాలీలు, ఊడ్చే ఆడవాళ్ళు, ఆఫీసువాళ్ళు అంతా కలిసి రెండు వందల దాకా ఉన్నారు. గేటు ఖాళీగా ఉండకూడదు గనక సూర్యాపేట నుంచి ఆ మిలట్రీ ప్యాంటు మనిషిని తెప్పించి నిలబెట్టాను. చిన్న యజమాని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. సైన్యం, క్రమశిక్షణ, దేశం, మా మిల్లు బియ్యం నాణ్యత, అన్నీ వచ్చాయి. కోదాడ డ్రైవరు శాలువా కప్పించుకుని, దండం పెట్టి, ఫొటో దిగి వెళ్ళి కూర్చున్నాడు.

తర్వాత మా గేటు మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. చిన్న యజమాని శాలువా కప్పాడు. పళ్ళెంలో శాలువా అందించింది నేనే. "రెండు మాటలు మాట్లాడండి" అని మైకు ఇచ్చారు.

"అందరికి నమస్తె. సన్మానం చేసిండ్రు, సంతోషం. పదిహేడేండ్లు ఫౌజుల పనిచేసిన. నా డిశ్చార్జి బుక్కుల శిక్ష పడ్డదని ఒక్క ఎర్ర సిరా మాట లేదు. గీడికొచ్చినంక మొన్న ఎండకాలంల ఒకటి పడ్డది. క్రమశిక్షణ లేదని రాసిండ్రు." ఆగాడు. గొంతు పెంచలేదు. "గా కాయితం నా ఫైల్ల ఉండంగ గీ శాలువ నేను కప్పుకోలేను సార్. అది తీసెయ్యిండ్రి, అప్పుడు కప్పుకుంట."

శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి బల్ల మీద ఉంచాడు.

చిన్న యజమాని నా వైపు తిరిగాడు. "ఏ మెమో అంకుల్?"

నిజంగానే తెలియదు అతనికి. మైకు నా దగ్గరికి వచ్చింది. రెండు వందల మంది చూస్తున్నారు. నేను ఏమన్నానో తెలుసా? "యాజమాన్యం తప్పకుండా పరిశీలిస్తుంది" అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఏ ప్రశ్నకైనా నా నోట్లోంచి వచ్చే మాట అది. దానంతట అదే వచ్చేసింది.

వెనక వరసలో ఊడ్చే ఆడవాళ్ళలోంచి ఒకామె లేచింది. మే నెలలో పడిపోయినామె.

"ఏం పరిశీలిస్తరు సారూ? గాయనకు మెమో ఇచ్చిండ్రా? గా దినం గాయన గేటు ఇడిసి రాకుంటె నన్ను నాలుగు భుజాల మీద తీస్కపోదురు. దవాఖానల డాక్టరమ్మ అడిగింది, గోనెసంచులు తడిపిందెవరు అని. మా మిల్లు గేటుకాడ ఉండే అన్న అని చెప్పిన. ఆయన్ను డాక్టరు అనుకున్నదామె. మీరేమో మెమో ఇస్తిరి!"

ఆమె కూర్చోలేదు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా లేచారు. వాళ్ళ వెనక హమాలీలు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఊరికే నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. చిన్న యజమాని ముఖం కందగడ్డ అయింది. "ఆఫీసులకు రాండ్రి" అని ముందు నడిచాడు.

లోపలికి వెళ్ళగానే నా మీద పడ్డాడు.

"మెమో ఉందని ముందే చెప్పొద్దా అంకుల్? ఇజ్జత్ పాయె!"

"మీరే ఇయ్యమన్నరు."

"నేనా? లారీ సంగతి అడిగిన. ఏదన్న చెయ్యమన్న. మెమో ఇయ్యమన్ననా?"

అతను అన్నది నిజం. మెమో నా స్వంత తయారీ.

"సరే, రద్దు చేసెయ్యిండ్రి. ఇప్పుడే. ఖతం చెయ్యిండ్రి" అన్నాడు.

పండగపూట టైపు చేయడానికి కూర్చున్నాం, నేనూ ఆ కోదాడ అమ్మాయీ. బయట లడ్డూలు పంచుతున్నారు. మొదటి ఉత్తరం పది నిమిషాల్లో అయింది. అతన్ని పిలిచి ఇచ్చాను. నిలబడే చదివాడు, వెనక్కి ఇచ్చాడు.

"'మానవతా దృక్పథంతో, దయతో రద్దు చేస్తున్నాం' అని రాసిండ్రు సార్. దయ వద్దు. నేను తప్పు చేసిన్నా, లేదా? చేస్తె మెమో ఉండనియ్యిండ్రి. చెయ్యకుంటె చెయ్యలేదని రాయిండ్రి."

నాకు ఒళ్ళు మండింది. రద్దు చేస్తున్నాం కదయ్యా, ఇంకేం కావాలి? అయినా రెండోది రాశాను. 'పరిస్థితులను పునఃపరిశీలించిన మీదట, అప్పట్లో సదరు మెమో జారీ కావడం జరిగిందని గుర్తించి...' అంటూ సాగింది. దాన్ని రెండుసార్లు చదివాడు.

"జారీ కావడం జరిగిందట. దానంతట అదే అయ్యిందా సార్? ఎవరు చేసిండ్రు?"

"నీకు భాష మీద క్లాసు పీకాలా నేను? ఆఫీసు కాయితాలు గట్లనే ఉంటయి!" అని అరిచాను. అతను కదల్లేదు. గోడ మీద గడియారం చూశాడు, నా వైపు చూశాడు, నిలబడ్డాడు. ఎనిమిది గంటలు నిలబడటం అలవాటైన మనిషితో నిలబడే పోటీకి దిగడమంత మూర్ఖత్వం ఇంకొకటి లేదు.

ఆ అమ్మాయి కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే అంది: "సార్, జరిగింది జరిగినట్టు రాస్తే నాలుగు లైన్లు కూడా పట్టదండీ."

సరే అన్నాను. నేను చెప్పాను, ఆమె కొట్టింది. 'మే నెలలో మీరు గేటు వదిలింది ఒక మనిషి ప్రాణం కాపాడటానికి. ఆ సంగతి విచారించకుండా మీకు మెమో ఇచ్చాను. అది నా పొరపాటు. మెమో రద్దు చేసి ఫైల్లోంచి తీసేశాను.' చిన్న యజమాని దగ్గరికి తీసుకెళ్తే తల అడ్డంగా ఊపాడు. "పొరపాటని కంపెనీ లెటర్ మీద రాస్తమా అంకుల్? రేపు అందరు క్యూ కడ్తరు. కావాలంటె మీరొక్కరే పెట్టుకోండ్రి సంతకం." నేనొక్కణ్ణే పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో 'నా పొరపాటు' అని నేను కాగితం మీద రాయడం అదే మొదటిసారి. రాస్తే చేయి ఏమీ పడిపోలేదు.

తర్వాత జరిగినవి కూడా చెప్పేస్తాను. మిల్లులో ప్రథమ చికిత్స గది ఒకటి పెట్టాలని ఆ రోజే నోట్ పెట్టాను. అది తలుపు తెరుచుకోవడానికి ఆరు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు బోర్డు మీద ఎవరి ఫొటో వేయాలన్న చర్చకే పోయాయి. గేటుకు వేరే మనిషిని పెట్టుకుని అతన్ని ఆ గదిలోకి మార్చాం. నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు, ఇప్పటికీ ఉన్నాడు. 'ఎట్టి పరిస్థితిలోనూ' అన్న రూలు నేనే కొట్టేశాను. ఇవన్నీ గొప్ప సంస్కరణలేమీ కావు. రెండో పేజీ చదివి ఉంటే మొదటి రోజే జరగవలసిన పనులు.

ఆ పంద్రాగస్టు రోజు మాత్రం నాకు మరోలా గుర్తుంది. మూడో ఉత్తరం అతనికి ఇచ్చాను. చదివాడు. మళ్ళీ ఏం తప్పు పడతాడోనని నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. చెవుల్లో హోరు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు, ఈసారి వేరేగా.

"సార్, మీ మొకం ఎర్రగయ్యింది. కూసోండ్రి."

"నాకేం కాలేదు. మీరు పోండి." అతన్ని 'మీరు' అన్నానని అన్నాక గానీ నాకు తెలియలేదు.

"కూసోండ్రి సార్."

కూర్చున్నాను. కుర్చీ లాగి పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు. మూడు వేళ్ళు నాడి మీద ఆన్చి, రెండో చేతికున్న గడియారం వైపు చూపు నిలిపాడు. నాలుగేళ్ళలో అతను నా ఎదురుగా కూర్చోవడం నేను చూడలేదు. ఆ వేళ్ళ ఒత్తిడిలో తొట్రుపాటు లేదు, తొందర లేదు. ఎంతమంది చేతులు అలా పట్టుకున్నాడో, వాళ్ళలో ఎంతమంది లేచి నడిచారో. నేను గేటు దగ్గర చీటీలు చూడటానికి పెట్టుకున్న మనిషి అతను.

"సంగతేందంటే, నేను ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"మాట్లాడకుండ్రి సార్. లెక్క తప్పుతది."

నోరు మూసుకున్నాను.